వైకింగ్ కోటు చంక దగ్గర పట్టేస్తుంటే ఇలా సరిచేశా

స్వీడన్‌లో స్టాక్‌హోమ్ దగ్గర బిర్కా అనే వైకింగ్‌ల కాలం నాటి పట్టణం ఉంది, అక్కడి సమాధుల్లో కొన్నిట్లో కంచు గుండీలు మెడ నుంచి నడుము దాకా వరుసగా దొరికాయి కదా, అవి చూసి 10వ శతాబ్దం నాటి కాఫ్తాన్ (ముందు తెరుచుకునే పొడవాటి అంగీ) లాంటి ఉన్ని కోటు కుట్టుకున్నా. చూడ్డానికి బానే ఉంది, వేసుకుని చెయ్యి పైకెత్తానో లేదో కోటు మొత్తం పొట్ట మీదకి లేచొచ్చింది, రెండోసారికి చంకలో కుట్టు టప్పున తెగింది. ముందు సైజు చిన్నదైందేమో అనుకుని పక్క కుట్లు విప్పి వదులు చేశా, ఇంకా దరిద్రంగా గోనెసంచిలా తయారైంది గానీ చెయ్యి మాత్రం లేవలేదు.

అప్పుడు మా తాతయ్య లాల్చీ గుర్తొచ్చింది, దాని చంకలో చిన్న నలుచదరపు ముక్క ఉండేది!

సరే అని చంక దగ్గర పక్క కుట్టూ చేతి కుట్టూ చెరో 12 సెంటీమీటర్లు విప్పి, అంతే కొలతకి, కుట్టుకి కొంచెం అదనంగా వదిలి ఒక చదరం ముక్క కత్తిరించి డైమండ్‌లా తిప్పి కుట్టా, అంటే చెయ్యెత్తినప్పుడు లాగుడు గుడ్డ ఏటవాలు మీద పడుతుంది, అది సాగుతుంది. మూలల్లో మాత్రం మిషన్ వద్దు, చేత్తో నార దారంతో దగ్గర దగ్గరగా కుట్టండి, నాకు ఒక మూల రెండుసార్లు ముడత పడింది. ఉన్నిని ముందే వేడినీళ్ళలో తడిపి బాగా పిసికి ఆరేస్తే అంచుల్లో పోగులు తక్కువ ఊడతాయి, నేను ఆ పని మర్చిపోయి తర్వాత ఏడ్చా.

ఇప్పుడు గొడ్డలి ఎత్తినా కోటు కదలట్లేదు.