సినిమా ఫైలుకి తెలుగు ఆడియో జోడించడం ఎలా? (పాత వీసీడీ నుంచి)

మా మామ్మకి ఓ ఇంగ్లీషు మొసళ్ల సినిమా అంటే ప్రాణం. అంబాజీపేట నుంచి తెచ్చిన రెండు వీసీడీల మీద, తెలుగు డబ్బింగులో, ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఈమధ్య అదే సినిమా నేను కొన్నాను. బొమ్మ అద్దంలా ఉంది, మాటలు మాత్రం ఇంగ్లీషు, హిందీ. "మొసలి బాగానే ఉంది గానీ, మనుషులేం మాట్టాడుతున్నార్రా?" అంది. అప్పుడు ఆ వీసీడీల తెలుగుని కొత్త ఫైలుకి ఎక్కించాను. మొదటిసారి రెండు ఆదివారాలు పట్టింది. దారి తెలిస్తే ఒక మధ్యాహ్నం చాలు.

ముందే ఒక మాట. రెండూ మీరు కొనుక్కున్నవే అయ్యుండాలి, చూడ్డం మీ ఇంట్లోనే ఉండాలి. తయారైన ఫైలుని గ్రూపుల్లో పెట్టినా, కేబుల్ అబ్బాయికి ఇచ్చినా 1957 నాటి కాపీరైట్ చట్టం కిందకి పోతుంది. ఓటీటీ యాప్‌లో డౌన్‌లోడ్ అయిన సినిమాలకి తాళం వేసి ఉంటుంది, వాటితో ఈ పని జరగదు.

ఏం కావాలి?

నాలుగు సాఫ్ట్‌వేర్లు, నాలుగూ ఉచితమే: వీఎల్‌సీ (సినిమా ఆడించేది), మీడియా ఇన్ఫో (ఫైలు వివరాలు చూపించేది), ఆడాసిటీ (ఆడియో కోసి అతికించేది), ఎంకేవీటూల్‌నిక్స్ (చివర్లో అన్నీ కలిపేది). ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి సీడీ డ్రైవు ఉండదు కాబట్టి యూఎస్‌బీ డ్రైవు ఒకటి ఎరువు తెచ్చుకోండి, మీ ఊరి ఫొటో స్టూడియోలో దొరకొచ్చు.

ఎంకేవీ అనే ఫైలు టిఫిన్ క్యారేజీ లాంటిది. ఒక గిన్నెలో బొమ్మ, ఒక గిన్నెలో ఇంగ్లీషు మాట, ఇంకోదాన్లో సబ్‌టైటిల్స్. ఇంకో గిన్నె తగిలిస్తే కింది గిన్నెలో అన్నం చెడదు. బొమ్మని మళ్లీ ఉడికించక్కర్లేదు, నాణ్యత పిసరంత కూడా తగ్గదు. అంచేత కలపడం రెండు నిమిషాల పని. మధ్యాహ్నమంతా పట్టేది మాటని నోటికి అతికించడానికే.

వీసీడీలోంచి మాట తీయడం

మన కోనసీమ చెమ్మకి డిస్కుల మీద బూజు మచ్చలు పడతాయి. మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవండి, గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే గీతలు డిస్కు ట్రాకుల వెంటే పడి చదవడం కష్టమవుతుంది. డిస్కు తెరిస్తే ఎంపెగ్‌ఏవీ (MPEGAV) అనే ఫోల్డరులో డాట్ (.DAT) అనే తోకతో పెద్ద ఫైలు ఉంటుంది, సినిమా అదే. దాన్ని హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. కాపీ మధ్యలో ఆగిపోతే మళ్లీ తుడిచి మళ్లీ ప్రయత్నించడమే. నా రెండో డిస్కు మూడోసారికి లొంగింది.

తర్వాత వీఎల్‌సీలో మీడియా మెనూ, కన్వర్ట్ ఆర్ సేవ్. డాట్ ఫైలు ఎంచుకుని, ప్రొఫైల్ దగ్గర ఆడియో ఫ్లాక్ (నాణ్యత తగ్గని ఆడియో రకం) పెట్టి మొదలుపెట్టండి. రెండు డిస్కులకీ ఇదే. కొత్త సినిమా ఫైలు నుంచి ఇంగ్లీషు ఆడియో కూడా ఇలాగే ఒక ఫ్లాక్‌గా తీసి పెట్టుకోండి, కొలబద్దగా పనికొస్తుంది. వీసీడీ ఆడియో అసలే సెకనుకి 224 కిలోబిట్ల ఎంపీ2, దాన్నుంచి సినిమా హాలు డీటీఎస్ ఆశించొద్దు.

అసలు చిక్కు

నేను మొదట ఏం చేశానంటే, తెలుగు మొదలయ్యే చోటు చూసి అతికించేసి, పది నిమిషాలు చూసి, సరిపోలేదని ముందుకీ వెనక్కీ జరుపుతూ కూర్చున్నాను. మామ్మ అటుగా వచ్చి, "నోరు అమలాపురంలో, మాట అంబాజీపేటలో ఉన్నాయేంట్రా" అంది. సరిగ్గా అదే జబ్బు. మొదట్లో సరిపెడితే చివర్లో పోతుంది, చివర్లో సరిపెడితే మొదట్లో పోతుంది.

కారణం ఇది. సినిమా సెకనుకి 24 బొమ్మల మీద తీస్తారు, డిస్కుల్లో చాలాసార్లు 23.976గా ఉంటుంది. మన దగ్గర టీవీ లెక్క 25. ఆ లెక్కన వచ్చిన వీసీడీలో సినిమాని కొంచెం వేగం పెంచి నడిపిస్తారు, మాట కూడా దాంతో పరుగెడుతుంది. 23.976లో 100 నిమిషాల సినిమా, 25లో 95 నిమిషాల 54 సెకన్లకే అయిపోతుంది. అంటే నిమిషానికి దాదాపు రెండున్నర సెకన్లు జారుతోందన్నమాట. ఎంత జరిపితే మాత్రం ఏం లాభం?

మీ ఫైళ్లు ఏ లెక్కన ఉన్నాయో మీడియా ఇన్ఫోలో ఫ్రేమ్ రేట్ అన్న చోట కనిపిస్తుంది. కానీ కాగితం మీది లెక్కని నేను పూర్తిగా నమ్మను, కొలిచి చూస్తాను. కొలిచేది ఇలా.

ఆడాసిటీలో ఇంగ్లీషు ఆడియో, దాని కింద మొదటి డిస్కు తెలుగు ఆడియో తెరవండి. మాటల్ని చూడకండి, అవి రెండు భాషల్లో రెండు రకాలుగా ఉంటాయి. డబ్బింగులో మాటలే మారతాయి, వెనక సంగీతం, చప్పుళ్లు సాధారణంగా అవే ఉంటాయి. కాబట్టి తుపాకీ పేలుడు, తలుపు దభీమన్న చప్పుడు, మొసలి దవడలు మూసుకున్న శబ్దం లాంటివి వెతకండి. ఆడాసిటీ గీతలో అవి తాటిచెట్టులా ఒంటరిగా నిలబడి కనిపిస్తాయి. డిస్కు మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి ఎంచుకుని, రెంటికీ మధ్య ఎన్ని సెకన్లుందో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసుకోండి.

నాకు తెలుగులో 2400 సెకన్లు వచ్చింది, ఇంగ్లీషులో 2502.5. చిన్నదాన్ని పెద్దదాంతో భాగిస్తే 0.959. అంటే తెలుగుని 4.1 శాతం నెమ్మది చేయాలి. 25కీ 23.976కీ మధ్య ఖచ్చితమైన లెక్క 4.096 శాతం, 25కీ 24కీ అయితే 4 శాతం. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే 100 నిమిషాలకి 6 సెకన్లు తేడా వస్తుంది, ఆఖరి ఫైటింగు మొత్తం పాడవుతుంది.

కొలిచాక మూడు రకాలు కనిపించొచ్చు. రెండు చోట్లా తేడా ఒక్కటే అయితే మీ అదృష్టం, మొత్తాన్ని జరిపితే చాలు. తేడా సమంగా పెరుగుతూ పోతుంటే వేగం జబ్బు. కాసేపు బాగుండి హఠాత్తుగా గెంతితే అక్కడ కత్తెర పడిందని అర్థం.

వేగం జబ్బుకి మందు: తెలుగు ట్రాకు మొత్తం ఎంచుకుని, ఎఫెక్ట్ మెనూలో చేంజ్ స్పీడ్ అండ్ పిచ్, శాతం దగ్గర మైనస్ 4.096. దాని పక్కనే చేంజ్ టెంపో అని ఇంకోటి ఉంటుంది, అది గొంతు స్థాయి మార్చకుండా నిడివి మాత్రమే మారుస్తుంది. నేను మొదటిదే వాడతాను. పరుగు పెట్టించినప్పుడు గొంతులు కూడా కాస్త సన్నబడ్డాయి కదా, నెమ్మది చేస్తే మళ్లీ అసలు బరువుకి వస్తాయి. ఎంకేవీటూల్‌నిక్స్‌లో కూడా సాగదీసే గడి ఒకటుంది, కానీ ఆడియోకి దాన్ని వాడొద్దని దాని పుస్తకంలోనే రాశారు.

రెండో డిస్కుకీ ఇదే మందు. తర్వాత రెండు ముక్కల్నీ పట్టి జరుపుతూ, ఆ తాటిచెట్లు ఇంగ్లీషువాటి కిందకి వచ్చేలా నిలబెట్టండి. మొదటి డిస్కు తోకలో "రెండవ భాగం" కార్డు వెనక సంగీతం ఉంటే కోసేయండి. తెలుగు కాపీ ముందు సెన్సారు సర్టిఫికెట్టు, పంపిణీదారు బొమ్మ, కొన్ని కొత్త కాపీల్లో పొగాకు హెచ్చరిక కూడా ఉంటాయి. ఇవన్నీ ఇంగ్లీషు ఫైలులో ఉండవు, మొహమాటం లేకుండా తీసేయాలి.

కత్తెర పడ్డచోటు సంగతి. మా సినిమాలో మొసలి ఒకణ్ణి నమిలే 12 సెకన్లు తెలుగులో లేవు. అక్కడ తెలుగు ముక్కని రెండుగా విడగొట్టి, రెండో ముక్కని 12 సెకన్లు కుడివైపుకి జరిపి, ఖాళీలో ఇంగ్లీషు ఆడియోనే అతికించాను. నిశ్శబ్దం వదిలేస్తే టీవీ చెడిపోయిందనుకుంటారు. ఎలాగూ అక్కడ అరుపులే, అరుపుకి భాషేముంది.

అయ్యాక ఇంగ్లీషు ట్రాకుని తీసేసి, తెలుగు ఒక్కటే ఎక్స్‌పోర్ట్ చేయండి. శాంపిల్ రేటు 48000, ఆడియో రకం ఏఏసీ గానీ ఏసీ3 గానీ, సెకనుకి 192 కిలోబిట్లు. 100 నిమిషాలకి ఓ 144 ఎంబీ అవుతుంది. ఈ రెండు రకాలూ ఎగుమతి కావాలంటే ఆడాసిటీకి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే జోడింపు పెట్టుకోవాలి, అది కూడా ఉచితమే.

కలిపే ముందు చూసుకోవడం

వీఎల్‌సీలో మీడియా, ఓపెన్ మల్టిపుల్ ఫైల్స్, సినిమా ఫైలు ఎంచుకుని, కింద షో మోర్ ఆప్షన్స్ నొక్కి, ఇంకో మీడియాని జతగా ఆడించే గడిలో తెలుగు ఫైలు ఇవ్వండి. ఆడియో మెనూలో రెండో ట్రాకు పెట్టుకుని చూడండి. మాట ముందొస్తుంటే కే నొక్కండి, వెనకబడుతుంటే జే. ఒక్కో నొక్కుకి 50 మిల్లీసెకన్లు జరుగుతుంది, ఎంత జరిగిందో తెర మీద పడుతుంది. ఆ అంకె కాగితం మీద రాసుకోండి. మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చోట్ల చూడండి, మొదటి సీను బాగుందని సంబరపడిపోయి లేవొద్దు.

ఎంత ఖచ్చితంగా ఉండాలి? కాలవ అవతలి రేవులో బట్టలుతుకుతుంటే చూశారా, బట్ట రాయికి తగిలాక ఓ లిప్త ఆగి చప్పుడొస్తుంది. కాలవ 40 మీటర్లుంటే అది దాదాపు 120 మిల్లీసెకన్లు. చప్పుడు ఆలస్యంగా రావడం మనకి పుట్టినప్పట్నుంచీ అలవాటే. టీవీ ప్రసారాల లెక్కల్లో కూడా మాట 125 మిల్లీసెకన్ల దాకా వెనకబడినా చూసేవాళ్లకి పట్టదంటారు, ముందొస్తే మాత్రం 45కే తెలిసిపోతుంది. అందుకే అనుమానం వస్తే కొంచెం వెనక ఉంచండి. పైగా డబ్బింగు పెదవులు ఎలాగూ కలవవు.

గిన్నె తగిలించడం

ఎంకేవీటూల్‌నిక్స్ తెరిచి, సినిమా ఫైలునీ తెలుగు ఫైలునీ లోపలికి లాగి పడేయండి. కింద గిన్నెల జాబితా వస్తుంది. తెలుగు ట్రాకు మీద నొక్కితే కుడివైపు దాని వివరాలు: భాష దగ్గర తెలుగు, పేరు దగ్గర మీకిష్టమైంది, డిఫాల్ట్ ట్రాక్ దగ్గర ఎస్. ఇంగ్లీషుకి డిఫాల్ట్ నో పెట్టకపోతే టీవీ మళ్లీ ఇంగ్లీషే ఎత్తుకుంటుంది. డిలే గడిలో వీఎల్‌సీలో రాసుకున్న అంకె, ముందుకి తేవాలంటే మైనస్. హిందీ అక్కర్లేదనుకుంటే టిక్ తీసేయండి. ఇక స్టార్ట్ మల్టిప్లెక్సింగ్ నొక్కండి. కరెంటు పోని వేళ చూసుకుని మొదలెట్టండి, అంతే.

టీవీ దగ్గర

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చుకోండి. బొమ్మ వచ్చి మాట రాకపోతే టీవీకి ఆ ఆడియో రకం తెలీదని అర్థం, ఏఏసీ బదులు ఏసీ3లో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. భాష మార్చాలంటే రిమోట్‌లో ఆడియో బటన్ గానీ, ప్లేయర్ మెనూలో ఆడియో ట్రాక్ గానీ వెతకాలి.

మా ఇంట్లో అన్నీ కుదిరాయి. ఆ 12 సెకన్ల దగ్గర మాత్రం మామ్మ కళ్లజోడు సర్దుకుని, "ఈ ముక్క ఇదివరకు లేదే, కొత్తగా తీశారా?" అంది.