రెండో తుంటి మార్పిడి ఆపరేషన్ తర్వాత కోలుకోవడం ఎలా?

ఒకసారి తుంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు రెండోసారి భయం తక్కువ, ధీమా ఎక్కువ. వాకర్ పట్టుకోవడం తెలుసు, మంచం దిగడం తెలుసు, ఎన్ని వారాలకు బయట తిరగొచ్చో కూడా తెలుసనుకుంటారు. చిక్కంతా అక్కడే వస్తుంది. అప్పుడు నేర్చుకున్నవాటిలో కొన్నిటిని ఈసారి తిరగేసి చేయాలి. కొన్ని అసలు పనికిరాకపోవచ్చు.

1. మీది ఏ రకం ఆపరేషనో తేల్చుకోండి

రెండో ఆపరేషన్ అని అందరూ ఒకే మాట వాడినా అందులో రెండు రకాలున్నాయి. ఇదివరకు ఒక వైపు కీలు మార్చి, ఇప్పుడు రెండో వైపు మార్చడం ఒకటి. అప్పుడు పెట్టిన కీలే వదులైతేనో, అరిగితేనో, జారుతుంటేనో, ఇన్‌ఫెక్షన్ సోకితేనో దాన్ని తీసి కొత్తది పెట్టడం రెండోది. దీన్ని రివిజన్ అంటారు.

రెండో వైపు మార్చినప్పుడు చాలామందిని అదే రోజో మర్నాడో నిలబెడతారు, ఓర్చుకోగలిగినంత బరువు వేయనిస్తారు. రివిజన్ అలా కాదు. పాత కీలు ఊడదీయడానికి ఒక్కోసారి తొడ ఎముకను కొంత కోసి మళ్లీ బిగించాల్సి వస్తుంది. అది అతుక్కునేదాకా, అంటే 6 వారాలో ఇంకా ఎక్కువో, కాలు నేలకు ఆనించడం వరకే ఒప్పుకోవచ్చు. కీలు జారిపోయే ప్రమాదం కూడా మొదటి ఆపరేషన్ కంటే రివిజన్‌లో ఎక్కువ. అందుకే "పోయినసారి నాలుగో వారానికే నడిచేశాను" అనే లెక్క ఇక్కడ వేయకండి.

డిశ్చార్జికి ముందే సర్జన్‌ను అడిగి కాగితం మీద రాయించుకోవాల్సినవి: ఎంత బరువు వేయాలి, ఎన్నాళ్లు, ఏ కదలికలు కూడదు, కాలు పక్కకు ఎత్తే వ్యాయామం చేయొచ్చా, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఎప్పటిదాకా వాడాలి. పాత ఫైల్లో వ్యాయామాల కాగితం ఉంటుంది కదా, దాన్ని పక్కన పడేయండి. అప్పటి మాత్రలు మిగిలి ఉంటే వాటినీ ముట్టుకోవద్దు.

2. కుడి ఎడమలు మార్చుకోండి

రెండో వైపు ఆపరేషన్ అయినవాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు.

మెట్లతో మొదలుపెడదాం. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఈ సూత్రం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. కానీ పోయినసారి మీరు జాగ్రత్తగా కాపాడుకున్న కాలే ఈసారి మంచి కాలు. నెలల తరబడి అలవాటైన శరీరం, మీరు ఆలోచించేలోపే పాత వరసలో అడుగు వేసేస్తుంది. అందుకే మొదటి మెట్టు దగ్గర ఆగండి, రైలింగ్ పట్టుకోండి, ఏ కాలు ముందో గొంతెత్తి అనుకుని అప్పుడు కదలండి. మొదట్లో పక్కన ఒకరు ఉండాలి.

చేతికర్ర ఆపరేషన్ అయిన కాలికి ఎదుటి వైపు చేతిలో ఉండాలి. ఆ కాలి మీద నిలబడినప్పుడు నడుము అవతలి వైపుకి వాలబోతుంది. అటు నుంచి చెయ్యి కర్రను నొక్కితే తుంటి మీద భారం తగ్గుతుంది. అంటే ఈసారి కర్ర చెయ్యి మారుతుంది. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చెయ్యి వదిలేస్తే కర్ర పిడి మణికట్టు ఎత్తుకి రావాలి.

కుర్చీలో కూర్చునే ముందు ఆపరేషన్ కాలిని కాస్త ముందుకు జరిపి, రెండు చేతులతో కుర్చీ చేతులు పట్టుకుని దిగుతారు కదా, అక్కడా కాలు మారుతుంది. మంచం ఏ వైపు నుంచి దిగాలో ఫిజియోథెరపిస్ట్‌ను అడిగి, మీరు ఇంటికి వచ్చేలోపే మంచం, దీపం స్విచ్, ఫోన్ ఆ వైపుకి మార్పించండి. అర్ధరాత్రి నిద్రమత్తులో బాత్రూమ్‌కి లేచినప్పుడు బుర్ర పని చేయదు, అలవాటే పని చేస్తుంది.

3. కూడని కదలికలు మళ్లీ అడగండి

తుంటి వెనకవైపు నుంచి కోసి చేసిన ఆపరేషన్ అయితే సాధారణంగా మూడు నిషేధాలు పెడతారు. తొడను పొట్ట వైపుకి 90 డిగ్రీలకు మించి మడవకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదాన్ని లోపలికి తిప్పకూడదు. ముందు నుంచి చేస్తే జాగ్రత్త వేరు: కాలిని బాగా వెనక్కి చాపడం, పాదాన్ని బయటికి తిప్పడం వద్దంటారు. మీ రెండు తుంటులకూ రెండు పద్ధతుల్లో చేసి ఉంటే పాత నియమం కొత్త కాలికి పనికిరాదు.

వెనకవైపు ఆపరేషన్‌లో మోసం చేసేది తిరగడం. ఆపరేషన్ కాలి పాదం నేలకు అలాగే ఉంచి ఒళ్లు ఆ కాలి వైపుకి తిప్పితే తుంటి లోపలికి మెలి తిరుగుతుంది. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే నడుము తిప్పకండి, చిన్న చిన్న అడుగులు వేస్తూ మొత్తంగా తిరగండి. కింద పడ్డ వస్తువుకోసం వంగొద్దు, వస్తువును పట్టి పైకి తీసే పొడవాటి పట్టుకర్ర వాడండి. కూర్చునే ఎత్తు మోకాలి కంటే పైన ఉండాలి. కమోడ్ మీద ఎత్తు సీటు పెట్టించండి. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేయడం సర్జన్ సరే అనేదాకా మానేయాలి.

పడుకునేటప్పుడు వెల్లకిలా, మోకాళ్ల మధ్య దిండుతో.

4. మొదటి వారాల పని

పాదాలను పైకీ కిందికీ ఆడించడం, తొడ కండ బిగించి వదలడం, పిరుదులు బిగించి వదలడం: ఇవి పడుకునే చేయొచ్చు, మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి చేయండి. నడక కొంచెం కొంచెంగా రోజుకు చాలాసార్లు ఉండాలి. ఒకేసారి ఎక్కువ నడిచి సాయంత్రానికి కాలు వాచిపోతే, మర్నాడు తగ్గించండి. నొప్పి మాత్రను వ్యాయామానికి కాస్త ముందు వేసుకుంటే సుఖం. బలమైన నొప్పి మందులకు మలబద్ధకం వస్తుంది, డాక్టర్‌తో చెప్పడానికి సిగ్గుపడొద్దు.

తొడ మీది కమిలిన రంగు మోకాలిదాకా, పాదందాకా దిగితే టెన్షన్ పడక్కర్లేదు. పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి పెడితే మాత్రం అదే రోజు చూపించాలి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్లాలి. గాయం నుంచి చీము కారడం, జ్వరం, రోజురోజుకీ పెరిగే ఎరుపుదనం ఇన్‌ఫెక్షన్ గుర్తులు. టక్కుమని నొప్పి వచ్చి కాలు పొట్టిగా, వంకరగా కనిపించి బరువు వేయలేకపోతే కీలు జారి ఉంటుంది. కదలకుండా అంబులెన్స్ పిలిపించండి.

5. పాత తుంటిని మరిచిపోవద్దు

ఇన్ని వారాలూ మీ బరువు మోసేది అదే. సాయంత్రానికి కాస్త అలసట సహజం. కానీ గజ్జలో నొప్పి మొదలైనా, కుర్చీలోంచి లేచిన మొదటి అడుగులకు తొడ పీకుతున్నా, "ఆపరేషన్ అయిన వైపు కాదు కదా" అని ఊరుకోకండి. తర్వాతి చెకప్‌లో ఆ వైపు కూడా ఎక్స్‌రే తీయమని మీరే అడగండి.

మొదటి ఆపరేషన్ తర్వాత ఒక కాలు పొడవైనట్టు అనిపించి చెప్పులో మడమ కింద ఎత్తు పెట్టించుకున్నారా? ఇప్పుడు దాన్ని అడక్కుండా వేసుకోకండి. రెండో వైపు మార్చాక కాళ్లు సమానమై ఉండొచ్చు. కొత్తగా తేడా అనిపించినా తొందరపడొద్దు. బిగిసిన కండరాలు సాగేదాకా కొన్ని నెలలు ఆ భ్రమ ఉంటుంది.

6. కారు, పని

బ్రేక్ కుడి కాలిది. అప్పట్లో ఎడమ తుంటికి చేయించుకుని త్వరగా స్టీరింగ్ పట్టుకున్నవాళ్లు, ఈసారి కుడి వైపుకైతే అంత త్వరగా కుదరదని తెలుసుకోవాలి. సాధారణంగా 6 వారాల ప్రాంతంలో ఈ మాట వస్తుంది. గట్టిగా బ్రేక్ తొక్కగలగాలి, మగత తెప్పించే మాత్రలు మానేసి ఉండాలి, సర్జన్ సరే అనాలి. కూర్చుని చేసే ఉద్యోగానికి వెళ్లేవాళ్లు మధ్యమధ్య లేచి నడిచేలా చూసుకోండి. కుంటు మొదటి 3 నెలల్లో బాగా తగ్గినా, బలం ఏడాది దాకా పెరుగుతూనే ఉంటుంది. కుంటుతున్నంతకాలం కర్ర వదలొద్దు.