లాంటర్న్ కంట్రోల్ నేర్చుకుందాం – 4వ పాఠం: అవతలివాళ్ళకి ఏ కార్డు వదలాలి?

మ్యాజిక్: ది గ్యాదరింగ్ కార్డుల ఆటలో లాంటర్న్ కంట్రోల్ అనే డెక్ గురించిన పాఠాలివి. ముందు పోయిన పాఠంలోని ప్రశ్న తేల్చేద్దాం. చేతికొచ్చిన ఏడు కార్డులు ఇవి: లాండ్‌లు (మనా, అంటే కార్డులు వేయడానికి ఖర్చుపెట్టే శక్తి, ఇచ్చేవి) రెండు, మాక్స్ ఒపల్, లాంటర్న్ ఆఫ్ ఇన్‌సైట్, కోడెక్స్ ష్రెడర్, గూల్‌కాలర్స్ బెల్, థాట్‌సీజ్ (అవతలివాళ్ళ చేతిలోంచి ఒక కార్డు తీసేయించేది). దాడులు ఆపే ఎన్‌స్నేరింగ్ బ్రిడ్జ్ లేదు. ఉంచుకోవాలా, మార్చుకోవాలా?

ఉంచుకోవాలి. మొదటి టర్న్‌లో లాండ్, ఒపల్, లాంటర్న్ దిగుతాయి. రెండో టర్న్‌లో ఒక లాండ్‌తో ష్రెడర్ వేయగానే ఆర్టిఫాక్ట్‌లు (ఒపల్, లాంటర్న్, ష్రెడర్ లాంటి వస్తువు కార్డులు) మూడవుతాయి, ఒపల్ మనా ఇవ్వడం మొదలుపెడుతుంది. ఇంకో లాండ్‌తో బెల్, ఒపల్‌తో థాట్‌సీజ్. రెండో టర్న్ అయ్యేసరికి ఆ ఏడింటిలో ఒక్కటీ చేతిలో మిగలదు. ఇక బ్రిడ్జ్ వెతకడమంటారా, పై కార్డు కనిపిస్తూనే ఉంది, పనికిరాకపోతే తోసేయడానికి ష్రెడర్ ఉంది. బ్రిడ్జ్ ఉండి లాంటర్న్ లేని చేయి కంటే ఇదే నయం.

ఈ వారం నుంచి చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు. లాంటర్న్ ఉంటే ఇద్దరి లైబ్రరీల (ఇంకా తీసుకోవాల్సిన కార్డుల కట్టల) పై కార్డులూ అందరికీ కనిపిస్తాయి. ష్రెడర్, బెల్, పిక్సిస్ ఆఫ్ పాండిమోనియం లాంటి మిల్ రాక్‌లు ఆ పై కార్డుని తీసి పారేస్తాయి. మన చేతిలో ఎన్ని కార్డులున్నాయో అంతకంటే ఎక్కువ పవర్ (దాడి బలం) ఉన్న క్రీచర్ ఏదీ బ్రిడ్జ్ ఉండగా దాడి చేయలేదు. చేయి ఖాళీగా ఉంచితే సున్నా పవర్ ఉన్నవే కదులుతాయి. లైబ్రరీ అయిపోయేదాకా అవతలివాళ్ళు పనికిరాని కార్డులే తీసుకుంటూ ఉంటారు. తీసుకోవడానికి కార్డు లేనివాళ్ళు ఓడిపోతారు, అదే మన గెలుపు.

ఇప్పుడు అసలు పాఠం. కొత్తగా ఈ డెక్ పట్టినవాళ్ళు రాక్ ఖాళీగా కనిపిస్తే చాలు, తిప్పేస్తారు (కార్డుని అడ్డంగా తిప్పి వాడేస్తారు; మళ్ళీ మన టర్న్ వచ్చేదాకా అది పనిచేయదు). పై కార్డు ఉత్త మౌంటెన్ లాండ్ అయినా సరే. అది తీసేస్తే కింద ఏముందో తెలియదు, మూడు డామేజ్ ఇచ్చే లైట్నింగ్ బోల్ట్ ఉండొచ్చు. కళ్ళముందున్న చచ్చు కార్డుని పారేసి తెలియని కార్డు తెచ్చుకోవడం దేనికి? రమ్మీలో కింది చేతివాళ్ళకి పనికిరాని ముక్క చూసి పడేసే నేర్పు ఉందే, ఇక్కడా అదే కావాలి. కాకపోతే ఇక్కడ ముక్క మనది కాదు, వాళ్ళ పేకలోదే.

అందుకే రాక్ మీద చేయి వేసే ముందు ఒకటి తేల్చుకోండి: ఈ క్షణంలో, ఈ టేబుల్ మీద, ఈ కార్డు బతికున్నదా, చచ్చినదా? కార్డు పేరుని బట్టి జవాబు రాదు. నేరుగా డామేజ్ కొట్టే బర్న్ డెక్‌నే చూడండి. గోబ్లిన్ గైడ్ పవర్ రెండు, దిగిన టర్న్‌లోనే కొడుతుంది. బ్రిడ్జ్ దిగి మన చేయి ఖాళీ అయ్యాక అది చచ్చిన కార్డు, నిశ్చింతగా వదిలేయండి. ఐడలన్ ఆఫ్ ది గ్రేట్ రెవెల్ పవర్ కూడా రెండే. కానీ మూడు లేదా అంతకంటే తక్కువ మనా విలువ ఉన్న స్పెల్ వేసిన ప్రతిసారీ అది వేసినవాళ్ళకి రెండు డామేజ్ ఇస్తుంది. మన డెక్‌లో దాదాపు అన్నీ అలాంటివే. కాబట్టి అది దాడి చేయకపోయినా బతికున్న కార్డే, తోసేయాలి. బోల్ట్ సంగతి మన లైఫ్ చెబుతుంది. పద్దెనిమిదిలో ఉండగా రాక్ ఒక్కటే ఉంటే, ఆ రాక్‌ని మన బ్రిడ్జ్ మీదికి వచ్చే కార్డు కోసం దాచి, బోల్ట్‌ని వదిలేయడంలో తప్పు లేదు. నాలుగులో ఉంటే వదలడానికి వీల్లేదు.

రాక్‌లు ఎన్ని ఉంటే చాలు? అవతలి లైబ్రరీలో మూడింట ఒకటి బతికున్న కార్డు అనుకుందాం. ఒక రాక్ ఉంటే వరసగా రెండు బతికున్నవి వస్తేనే మనం ఓడినట్టు, దాదాపు తొమ్మిదింట ఒకసారి. రెండు రాక్‌లుంటే 27లో ఒకసారి, మూడుంటే 81లో ఒకసారి. మూడో రాక్ దాకా గట్టిగా వెతకండి. నాలుగోది దొరికితే సంతోషమే గానీ దానికోసం బ్రిడ్జ్‌నీ, పిథింగ్ నీడిల్‌నీ (పేరు చెప్పిన కార్డుని వాడనివ్వకుండా ఆపేది) తోసేయకండి.

ఎప్పుడు తిప్పాలన్నదే అన్నిటికంటే కష్టం. మన టర్న్‌లో కాదు, అవతలివాళ్ళ అప్‌కీప్‌లో (టర్న్ మొదట్లో, కార్డు తీసుకునే ముందు) తిప్పాలి. కారణం ఫెచ్‌లాండ్‌లు, అంటే స్కాల్డింగ్ టార్న్‌లా తమని వదులుకుని లైబ్రరీలోంచి ఇంకో లాండ్ తెచ్చి, లైబ్రరీని కలిపేవి. టేబుల్ మీద స్కాల్డింగ్ టార్న్ పెట్టుకుని కూర్చున్నవాళ్ళకీ తమ పై కార్డు కనిపిస్తూనే ఉంటుంది కదా. మీరు రాక్‌లన్నీ వాడేసి చచ్చు కార్డు పైన ఉంచారనుకోండి, వాళ్ళు టార్న్ వాడి లైబ్రరీ కలిపేస్తారు. కొత్త పై కార్డు వస్తుంది, మీ చేతిలో ఆయుధం ఉండదు. కాబట్టి ఫెచ్‌లాండ్ కనిపిస్తే ఒక రాక్ ఎప్పుడూ మిగలాలి. పైన చచ్చు కార్డు ఉంటే ఊరుకోండి. వాళ్ళు కలిపితే, కలిపాక మీకు మళ్ళీ అవకాశం వస్తుంది, అప్పుడు చూసి తిప్పండి. ఈ బాధే వద్దనుకుంటే పిథింగ్ నీడిల్ వేసి ఆ ఫెచ్‌లాండ్ పేరు చెప్పండి. లాండ్ పేరు చెబుతున్నారేమిటని అవతలివాళ్ళు ఒకసారి వింతగా చూస్తారు.

సీరమ్ విజన్స్ (ఇంకో కార్డు తెచ్చే స్పెల్) చేతిలో ఉన్నవాళ్ళని రెండు కార్డులు తీసుకునేవాళ్ళుగా లెక్కపెట్టాలి. అప్‌కీప్‌లోనే రాక్‌లు ఖాళీ చేస్తే విజన్స్ తెచ్చే కార్డుని ఆపలేరు. స్నాప్‌కాస్టర్ మేజ్ ఆడేవాళ్ళ దగ్గర ఇంకో చిక్కు: మీరు గ్రేవ్‌యార్డ్‌లోకి (వాడేసిన కార్డుల కుప్పలోకి) తోసిన బోల్ట్ పోయినట్టు కాదు, దాన్ని అక్కడి నుంచే మళ్ళీ వేస్తారు. అలాంటి చోట బోల్ట్‌కి పిక్సిస్ వాడండి, అది గ్రేవ్‌యార్డ్‌కి పంపకుండా ఎగ్జైల్ చేస్తుంది, అంటే ఆటలోంచి పక్కకి తీసేస్తుంది.

ఇక నాకు బాగా ఇష్టమైన చిన్న కిటుకు. అవతలివాళ్ళు చచ్చు కార్డే తీసుకున్నారు, మీ ష్రెడర్ వాడకుండానే ఉండిపోయింది. వాళ్ళ ఎండ్ స్టెప్‌లో (టర్న్ చివర్లో) దాన్ని మీ లైబ్రరీ మీద తిప్పండి. వెంటనే మీ టర్న్ మొదలై అది మళ్ళీ సిద్ధమవుతుంది, మీకు ఖర్చేమీ లేదు. బెల్‌తో మాత్రం జాగ్రత్త. అది ఇద్దరి పై కార్డులనీ తీసేస్తుంది. వాళ్ళ పైన చచ్చు కార్డు ఉండగా మీ కోసమని బెల్ మోగిస్తే రెండోవైపు చెడగొట్టుకుంటారు.

ఇంత తలనొప్పి డెక్ ఎందుకని అడిగేవాళ్ళకి దాని చరిత్రే జవాబు. లాంటర్న్ 2004లో ఫిఫ్త్ డాన్ సెట్‌లో వచ్చింది, ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోలేదు. 2015లో జాక్ ఎల్సిక్ దీనితో గ్రాండ్ ప్రీ ఓక్లహోమా సిటీ గెలిచాడు. గాలివాటం అన్నవాళ్ళ నోరు 2018 ఫిబ్రవరిలో మూతపడింది: స్పెయిన్‌లోని బిల్‌బావోలో జరిగిన ప్రో టూర్ ఫైనల్లో అర్జెంటీనా ఆటగాడు లూయిస్ సాల్వాటో ఈ డెక్‌తోనే జెర్రీ థాంప్సన్‌ని ఓడించాడు. 2020 జనవరిలో మోడర్న్‌లో (ఈ డెక్ ఆడే పోటీ విభాగంలో) మాక్స్ ఒపల్‌ని నిషేధించారు, డెక్ నడుం విరిగింది. 2024 డిసెంబర్‌లో నిషేధం ఎత్తేశారు. అయితే ఈలోగా మోడర్న్ వేగం బాగా పెరిగింది. టోర్నమెంట్ కొట్టడమే లక్ష్యమైతే వేరే డెక్ చూసుకోమనే చెబుతాను. మధ్య ఏళ్ళలో ఒపల్ లేకుండానే దీన్ని ఆడినవాళ్ళు ఆ లెక్కతో ఆడలేదు.

ఒక మాట వేగం గురించి. రౌండ్‌కి 50 నిమిషాలే. ప్రతి అప్‌కీప్‌లో ఆలోచిస్తూ కూర్చుంటే మొదటి గేమ్ గెలిచి కూడా మ్యాచ్ డ్రా చేసుకుంటారు, పైగా స్లో ప్లే పెనాల్టీ పడొచ్చు. అవతలివాళ్ళకి విసుగొస్తుంది, అది సహజం. ఇంట్లో ఏదైనా డెక్ తీసుకుని ఒక్కో కార్డూ తిప్పుతూ "బతికింది, చచ్చింది" అని పైకి అంటూ సాధన చేయండి. ముందు టేబుల్ మీద బ్రిడ్జ్ ఉన్నట్టు, తరవాత లేనట్టు.

వచ్చే పాఠానికి ప్రశ్న. అవతలిది ఆర్టిఫాక్ట్‌లతో వేగంగా కొట్టే అఫినిటీ డెక్. మీ చేయి ఖాళీ. టేబుల్ మీద లాంటర్న్, బ్రిడ్జ్, ష్రెడర్, బెల్ ఉన్నాయి. వాళ్ళ చేయీ ఖాళీనే, దిగినవి సున్నా పవర్ ఆర్నిథాప్టర్, క్రీచర్‌గా మారగల లాండ్ ఇంక్‌మాత్ నెక్సస్, రెండు బ్లాక్ మనా ఇవ్వగల లాండ్‌లు. వాళ్ళ అప్‌కీప్. వాళ్ళ పై కార్డు క్రేనియల్ ప్లేటింగ్ (తగిలించిన క్రీచర్‌కి, వాళ్ళ ఆర్టిఫాక్ట్ ఒక్కోదానికి ఒకటి చొప్పున పవర్ పెంచేది), మీ పై కార్డు రెండో బ్రిడ్జ్. దాడి మొదలయ్యాక రెండు బ్లాక్ మనాతో ప్లేటింగ్‌ని ఆర్నిథాప్టర్‌కి తగిలించొచ్చని మరిచిపోవద్దు. ముందు ష్రెడరా, బెల్లా? అది తిప్పాక వాళ్ళ పైన సిగ్నల్ పెస్ట్ (దాడి చేసినప్పుడు తనతో వచ్చేవాటి పవర్ పెంచే సున్నా పవర్ క్రీచర్) కనిపిస్తే రెండోది వాడతారా, ఊరుకుంటారా?