లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బి: కలిపే తీరు, ఎక్కించే తీరు

ఆంఫోటెరిసిన్-బి శిలీంధ్రాలను చంపడంలో ఎంత శక్తిమంతమైనదో, మూత్రపిండాలను దెబ్బతీయడంలోనూ అంతటిది. శిలీంధ్ర కణాల పొరలోని ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకుని ఆ పొరకు రంధ్రాలు పొడవడం దాని పని. మన కణాల పొరలో ఉండే కొలెస్ట్రాల్‌నూ అది కొంతవరకు పట్టుకుంటుంది కాబట్టే మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ రక్తంలో పెరగడం, పొటాషియం పడిపోవడం వంటి ఇబ్బందులు వస్తాయి. ఈ హానిని తగ్గించడానికి మందును లైపోసోములలో, అంటే ఫాస్ఫోలిపిడ్ల జంట పొరతో ఏర్పడిన అతిసూక్ష్మ గోళాలలో, ఇమిడ్చారు. ఇవి 100 నానోమీటర్ల కన్నా చిన్నవి. మందు ఆ పొరలోనే నాటుకుని ఉండి, శిలీంధ్రం చేరువకు వచ్చేదాకా చాలామేరకు అక్కడే నిలుస్తుంది. కాలేయం, ప్లీహాలలోని మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు ఈ గోళాలను మింగుతాయి. కాలా అజార్ జ్వరాన్ని కలిగించే పరాన్నజీవి దాగేది సరిగ్గా ఆ కణాలలోనే కావడం వల్ల, బీహార్, జార్ఖండ్ వంటి రాష్ట్రాలలో ఆ వ్యాధికి కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున ఒకే ఒక్క మోతాదు ఇస్తున్నారు.

2021 మే నెలలో మ్యూకర్‌మైకోసిస్ (బ్లాక్ ఫంగస్) విజృంభించి, హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగులకు నోడల్ కేంద్రమైనప్పుడు, ఈ మందు పేరు తెలుగు ఇళ్లన్నిటికీ తెలిసింది. దాన్ని ఎక్కించే పద్ధతి మాత్రం అంతగా చర్చకు రాలేదు. గోళం చెదిరితే చేతిలో ఉన్నది ఆ మందు కాదు. స్టాఫ్ నర్సులు, ఫార్మసిస్టులు, డ్యూటీ డాక్టర్లు ఈ ఒక్క విషయాన్ని మనసులో ఉంచుకుంటే కింది నియమాలన్నిటికీ కారణం అర్థమవుతుంది.

అన్నిటికన్నా ముందు వయల్ (మందు సీసా) మీది పేరును పూర్తిగా చదవాలి. మామూలు ఆంఫోటెరిసిన్, లిపిడ్ కాంప్లెక్స్ (మందును కొవ్వుతో జతచేసిన రకం), లైపోసోమల్ అనే మూడు రకాలూ ఒకదాని బదులు ఒకటి వాడదగినవి కావు. మ్యూకర్‌మైకోసిస్‌కు లైపోసోమల్ రకాన్ని సాధారణంగా రోజుకు కిలోకు 5 మి.గ్రా. చొప్పున, కొందరికి అంతకన్నా ఎక్కువగా, ఇస్తారు. మామూలు రకం రోజుకు కిలోకు 1.5 మి.గ్రా. దాటితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. కేస్‌షీట్‌లో "ఆంఫోటెరిసిన్ 300 మి.గ్రా." అని మాత్రమే రాసి ఉంటే, ఎంత రద్దీ వేళైనా సరే, రాసిన డాక్టరును అడిగి రకం తేల్చుకోనిదే వయల్ తెరవకూడదు. మన దేశంలో పొడి రూపంతో పాటు సెలైన్‌లో ద్రవంగా వచ్చే లైపోసోమల్ రకం కూడా దొరుకుతుంది. దాన్ని వాడే ముందు సోనికేటర్‌లో (ధ్వని తరంగాలతో కుదిపే యంత్రంలో) ఉంచాలి, దాని నియమాలు వేరు. ఇక్కడ చెబుతున్నది పొడి రూపం గురించి మాత్రమే.

50 మి.గ్రా. పొడి ఉన్న ఒక్కో వయల్‌లోకి 12 మి.లీ. స్టెరైల్ వాటర్ ఎక్కించి, వెంటనే 30 సెకన్ల పాటు గట్టిగా కుదపాలి. మెల్లగా తిప్పితే సరిపోదు. పొడి పూర్తిగా విడిపోయి, గోళాలు నీటిలో సమంగా పరుచుకోవడానికి ఆ కుదుపు అవసరం. ద్రవం పసుపు రంగులో, పాక్షికంగా పారదర్శకంగా కనిపించాలి. ముద్దలు మిగిలితే మళ్లీ కుదపాలి, అప్పటికీ పోకపోతే ఆ వయల్‌ను పక్కన పెట్టాలి. ఇప్పుడు ప్రతి మి.లీ.లో 4 మి.గ్రా. మందు ఉంటుంది.

60 కిలోల రోగికి కిలోకు 5 మి.గ్రా. చొప్పున 300 మి.గ్రా. కావాలి, అంటే 6 వయల్స్ నుంచి 75 మి.లీ. ఈ ద్రవాన్ని సిరంజిలోకి తీసి, వయల్‌తో పాటు వచ్చిన 5 మైక్రాన్ల ఫిల్టర్ గుండా 5 శాతం డెక్స్ట్రోజ్‌లోకి వదలాలి. పెద్దలకు చివరి గాఢత మి.లీ.కు 1 నుంచి 2 మి.గ్రా. మధ్య ఉండాలి. నిండు 250 మి.లీ. బాటిల్‌లో నేరుగా కలిపితే మొత్తం 325 మి.లీ. అయి గాఢత 1 మి.గ్రా. కన్నా తగ్గిపోతుంది. కాబట్టి ముందు బాటిల్ నుంచి 75 మి.లీ. డెక్స్ట్రోజ్ తీసివేసి, ఆ తరువాత మందు కలిపితే గాఢత 1.2 మి.గ్రా. వద్ద సరిగ్గా కుదురుతుంది. పలుచన చేసిన 6 గంటలలోపు ఎక్కించడం మొదలుపెట్టాలి.

నార్మల్ సెలైన్ చుక్క కూడా ఈ మందుకు తగలకూడదు. లవణం తగిలితే మందు అవక్షేపంగా విడిపోతుంది. అయితే మూత్రపిండాలను కాపాడడానికి, రోగి తట్టుకోగలిగితే, ఇన్ఫ్యూజన్‌కు ముందు సెలైన్ ఎక్కించడం మంచి అలవాటే. అది అయ్యాక అదే ఐవీ లైన్ వాడవలసి వస్తే, ముందు డెక్స్ట్రోజ్‌తో లైన్‌ను పూర్తిగా కడిగి, మందు అయిన తరువాత మళ్లీ డెక్స్ట్రోజ్‌తోనే కడగాలి. మరే మందునూ అందులో కలపకూడదు. లైన్‌లో ఫిల్టర్ పెడితే దాని రంధ్రాలు 1 మైక్రాన్‌కు తగ్గకూడదు. క్యాన్సర్ మందైన లైపోసోమల్ డాక్సోరుబిసిన్‌కు కూడా డెక్స్ట్రోజే వాడాలి కానీ, దానికి లైన్‌లో ఏ ఫిల్టరూ పెట్టకూడదు. ఒక లైపోసోము నియమాన్ని మరొకదానికి అన్వయించరాదు.

తొలిసారి ఇచ్చేటప్పుడు 1 మి.గ్రా. మందును 10 నిమిషాలలో ఎక్కించి, ఆపి, 30 నిమిషాలు గమనించాలి. తరువాత మొత్తం మోతాదును సుమారు 2 గంటల వ్యవధిలో ఇవ్వాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, ముఖం ఎర్రబారడం, నడుము పక్కల నొప్పి వంటివి వస్తే ఎక్కువగా మొదటి 5 నిమిషాలలోనే వస్తాయి కాబట్టి ఆ సమయంలో నర్సు మంచం పక్కనే ఉండడం తప్పనిసరి. లక్షణం కనిపించిన వెంటనే ఇన్ఫ్యూజన్ ఆపి డాక్టరును పిలవాలి.

మ్యూకర్‌మైకోసిస్ రోగులలో చాలామంది మధుమేహులు. పై లెక్కలోని 175 మి.లీ. డెక్స్ట్రోజ్‌లో దాదాపు 9 గ్రాముల చక్కెర ఉంటుంది కాబట్టి ఇన్సులిన్ చార్టులో దాన్ని పట్టించుకోవాలి. చికిత్స సాగినన్నాళ్లూ క్రియాటినిన్, పొటాషియం, మెగ్నీషియం క్రమం తప్పకుండా చూడాలి. మెగ్నీషియం తగ్గి ఉన్నప్పుడు పొటాషియం ఎంత ఇచ్చినా నిలవదు, అందుకే ముందు మెగ్నీషియాన్ని సరిచేయాలి.