ఒక్కరోజు జ్వరానికీ లెక్క కట్టాలి: బ్రిటన్ సిక్ పే మారాక పేరోల్ సర్దుకోవడం

బ్రిటన్‌లో స్టాట్యుటరీ సిక్ పే, అంటే జబ్బుపడిన ఉద్యోగికి యజమాని చట్టప్రకారం ఇవ్వాల్సిన డబ్బు, పేరోల్ వాళ్ల మాటలో ఎస్‌ఎస్‌పీ, 2026 ఏప్రిల్ 6న మారింది. అంతకుముందు జబ్బు చేసిన మొదటి మూడు పనిదినాలకు ఏమీ వచ్చేది కాదు. వారానికి సగటున 125 పౌండ్లు కూడా రానివాళ్లకైతే అసలే లేదు. ఆ రెండు అడ్డంకులూ ఇప్పుడు పోయాయి. మొదటి రోజు నుంచే ఇవ్వాలి. వారానికి 123.25 పౌండ్లు, లేదా సగటు వారపు సంపాదనలో 80 శాతం: ఏది తక్కువైతే అది. గరిష్ఠంగా 28 వారాలన్నది మాత్రం మారలేదు.

అక్కడ రెస్టారెంటు నడిపే మనవాళ్లయినా, హైదరాబాద్‌లో కూర్చుని బ్రిటన్ క్లయింట్ల జీతాలు వేసే టీమ్ అయినా, ముందు చూడాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు, హాజరు. పాత పద్ధతిలో ఒకటి రెండు రోజుల గైర్హాజరు రాసినా రాయకపోయినా ఎస్‌ఎస్‌పీలో తేడా రాదు కాబట్టి, షిఫ్టు ఇంకొకరికి ఇచ్చేసి ఊరుకున్నా గడిచిపోయేది. ఇప్పుడు అలా చేస్తే ఆ మనిషికి రావాల్సిన డబ్బు పోయినట్టే. ఏ తేదీన రాలేదు, ఆరోజు అతనికి డ్యూటీ ఉందా, కారణం జబ్బేనా: ఈ మూడూ పేరోల్ కటాఫ్‌కు ముందే చేతికి రావాలి.

తర్వాత రోజు రేటు. ఇండియా లెక్కలకు అలవాటుపడిన చేయి 30తోనో 26తోనో భాగించబోతుంది. ఇక్కడ వారం మొత్తాన్ని ఆ ఉద్యోగి క్వాలిఫయింగ్ డేస్‌తో, అంటే మామూలుగా వారంలో పనిచేసే రోజుల సంఖ్యతో భాగించాలి. వారమంటే ఆదివారం నుంచి శనివారం.

శని, ఆదివారాల్లో మాత్రమే పనిచేసే ఒకామెకు నెలకు 433 పౌండ్లు వస్తాయనుకుందాం. సగటు తీయడానికి, జబ్బు మొదలవకముందు వచ్చిన ఆఖరి జీతం తేదీ నుంచి వెనక్కి కనీసం ఎనిమిది వారాల స్థూల జీతం తీసుకోవాలి. నెల జీతమైతే రెండు నెలలది: 866. దాన్ని 2తో భాగించి, 12తో గుణించి, 52తో భాగిస్తే 99.92. అందులో 80 శాతం 79.94. రెండు రోజులకు పంచితే రోజుకు 39.97 పౌండ్లు. నెలను 4తో భాగించేవాళ్లకు ఇదే 43.30 వస్తుంది. తప్పు జరిగేది ఇక్కడే. నెలలో నాలుగు వారాలకన్నా ఎక్కువే ఉంటాయి. ఓవర్‌టైమ్, బోనస్ కూడా సగటులో కలుస్తాయి.

వారానికి 500 పౌండ్లు తెచ్చుకునే ఐదు రోజుల ఉద్యోగికి 80 శాతమంటే 400. తక్కువది 123.25 కాబట్టి రోజుకు 24.65. ఎక్కువ జీతగాడికి రోజుకు తక్కువ వచ్చిందేమిటని అడుగుతారు. రెండు లెక్కలూ సరైనవే: వారం మొత్తం ఆమెకు రెండు రోజులకు, ఇతనికి ఐదు రోజులకు పంచాం. సగటు దాదాపు 154 పౌండ్లు దాటితే 80 శాతం గొడవే ఉండదు. పెన్నీ భిన్నాలను రోజు రేటులో కాకుండా మొత్తంలో పైకి సవరించండి.

మార్పు తేదీకి అటూ ఇటూ సాగిన సెలవు ఒక్కటి విడిగా చూడాలి. సోమ–శుక్ర పనిచేసే ఆ 500 పౌండ్ల మనిషే ఏప్రిల్ 2 నుంచి 8 వరకు జబ్బుపడ్డాడనుకోండి. 2, 3 తేదీలు పాత రూలు కింద వెయిటింగ్ డేస్, అంటే డబ్బు రాని ఆ మొదటి మూడు రోజుల్లోవి, సున్నా. 6, 7, 8 తేదీలకు 73.95. ఆ సోమవారం ఈస్టర్ బ్యాంక్ హాలిడే కూడా. దాన్ని సాఫ్ట్‌వేర్ పనిదినంగా లెక్కపెట్టిందో లేదో కళ్లారా చూసుకోవాలి.

మన దగ్గర ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకు డబ్బు ఈఎస్‌ఐ కార్పొరేషన్ ఇస్తుంది. అక్కడ యజమానే పెట్టుకోవాలి, హెచ్‌ఎంఆర్‌సీ (బ్రిటన్ పన్నుల శాఖ) నుంచి తిరిగి రాదు. కంపెనీ సొంత సిక్ పే ఇస్తుంటే ఎస్‌ఎస్‌పీ అందులో భాగమే, దానిపైన మళ్లీ కలపకూడదు. పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ మామూలుగానే కోయాలి.

డాక్టరు చీటీ విషయంలోనూ ఇండియా అలవాటు పనికిరాదు. సెలవు రోజులతో కలిపి మొదటి ఏడు రోజులకు ఉద్యోగి మాటే ఆధారం, ఆ తర్వాతే ఫిట్ నోట్. అది ఆలస్యమైందని డబ్బు ఆపకూడదు. హ్యాండ్‌బుక్‌లో ‘మొదటి మూడు రోజులకు జీతం లేదు’ అని ఉంటే, ఆ రోజులకూ ఎస్‌ఎస్‌పీ వస్తుందని తిరగరాయించండి. సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఉన్నా ఆ వాక్యం చూసి మేనేజరు మళ్లీ పాత దారే పడతాడు.