పన్ను పీకించుకునే ముందు, తర్వాత

పోయిన నెల కావలిలో మా అమ్మకు కింది దవడ పన్ను పీకించాను. ఆమెకు సూదంటేనే టెన్షన్. నిజానికి నొప్పి తెలిసేది ఆ మత్తు ఇంజెక్షన్ గుచ్చినప్పుడే. పది నిమిషాల్లో పెదవి, నాలుక సగం మొద్దుబారతాయి. పీకేటప్పుడు గట్టిగా ఒత్తినట్టు, కటుక్కుమన్నట్టు ఉంటుంది, భయపడకండి. సుర్రుమని నొప్పి తగిలితే మాత్రం చెయ్యెత్తండి, ఇంకాస్త మత్తు ఇస్తారు.

షుగర్, బీపీ, రక్తం పలచబడే మాత్రలు ఉంటే ముందే చెప్పాలి. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.

అసలు జాగ్రత్త ఇంటికొచ్చాకే. దూది అరగంటకు పైగా గట్టిగా కరిచిపట్టాలి. పన్ను పీకిన గుంటలో గడ్డకట్టిన రక్తమే మందు. అది ఊడిపోకుండా 24 గంటలు పుక్కిలించడం, ఉమ్మడం, స్ట్రాతో తాగడం వద్దు. మా నాన్నకైతే చుట్ట కూడా వద్దని చెప్పేదాన్ని. మత్తు దిగేదాకా ఏమీ నమలొద్దు, చెంప కొరుక్కుంటారు. ఆ రోజు అమ్మకు చల్లటి పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టాను. చేపల పులుసు ఎంత అడిగినా వారం ఆపాను, కారం, ముళ్లు రెండూ ప్రమాదమే. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు.

మూడో రోజుకు తగ్గాల్సిన నొప్పి చెవిదాకా లాగుతూ పెరిగినా, రక్తం ఆగకపోయినా వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి.