తెలుగు వాడుక, పాఠం 7: ఒకరినొకరు, పరస్పరం, అన్యోన్యం

క్రియకు 'కొను' చేరితే పని ఫలం చేసినవాడికే దక్కుతుందని పోయిన పాఠంలో చూశాం: వండాడు, వండుకున్నాడు. ఈసారి చేసేవాళ్లు ఇద్దరు.

అమీర్‌పేట మెట్రో స్టేషన్ తీసుకోండి. మియాపూర్ రైలు దిగినవాళ్లూ రాయదుర్గం రైలు ఎక్కేవాళ్లూ ఎదురుపడే చోటు. అక్కడ ఇద్దరు పాత స్నేహితులు 'చూశారు' అంటే దేన్నో చూశారని. 'చూసుకున్నారు' అంటే చూపులు కలిశాయని. కింద రోడ్డు మీద ఆటోకు బైకు తగిలితే, "ఎందుకన్నా తిట్టుకుంటున్రు, జరగుండ్రి" అంటాడు వెనకవాడు. ఎవరు ఎవరిని అని వేరే చెప్పక్కర్లేదు, క్రియలోనే ఉంది.

అనుమానం వచ్చే చోటే అదనపు మాట కావాలి. "ఇద్దరూ ఫొటోలు తీసుకున్నారు" అంటే ఎవరికి వారు సెల్ఫీ దిగారా? "ఒకరినొకరు ఫొటో తీసుకున్నారు" అంటే గొడవ లేదు.

ఇందులో మారేది మొదటి 'ఒకరు' మాత్రమే. నమ్మితే ఒకరినొకరు, చెప్పుకుంటే ఒకరికొకరు, అరుచుకుంటే ఒకరి మీద ఒకరు. రెండోది కర్త కాబట్టి కదలదు. 'ఒకరికొకరికి' అనేది తప్పు. మనుషులు కాకపోతే 'ఒకదానికొకటి': హైదరాబాదు, సికింద్రాబాదు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి.

'పరస్పరం' అర్థం ఇదే, కాకపోతే కాగితాల భాష. క్రియ ముందు పరస్పరం, నామవాచకం ముందు పరస్పర. పరస్పరం సహకరించుకున్నారు, పరస్పర సహకారం. టీచర్లు "మ్యూచువల్ దొరికిందా సార్?" అని అడుగుతారు, ఉత్తర్వులో మాత్రం 'పరస్పర బదిలీ' అని ఉంటుంది. 1995లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన సహకార చట్టం పేరులోనూ 'పరస్పర సహాయం' ఉంది. 'పరస్పరం ఒకరినొకరు' అని రెండూ కలిపి రాస్తే ఒకటి దండగ. వార్తల్లో తరచూ కనబడుతుంది, నాకు మాత్రం పంటికింద రాయే.

'అన్యోన్యం' సంస్కృతంలో అచ్చంగా 'ఒకరినొకరు' అనే మాటే. తెలుగులోకి వచ్చి ప్రేమను అంటించుకుంది, ముఖ్యంగా ఆలుమగల మధ్య. అందుకే పరస్పర ఆరోపణలు ఉంటాయి, అన్యోన్య ఆరోపణలు ఉండవు. హిందూ వివాహ చట్టానికి 1976లో చేర్చిన 13-బి సెక్షన్ కింద దంపతులు పరస్పర అంగీకారంతో విడిపోవచ్చు. అన్యోన్యంగా విడిపోవడం మాత్రం ఏ కోర్టు వల్లా కాదు!

పాత అర్థం ఒక్క చోట బతికే ఉంది: తర్కంలో 'అన్యోన్యాశ్రయ దోషం'. అడ్రస్ ప్రూఫ్ ఉంటేనే ఇల్లిస్తానని ఓనరు, ఇల్లుంటేనే ప్రూఫ్ ఇస్తామని ఆఫీసు. ఇందులో ప్రేమ ఎక్కడా లేదు.

ఇవి సరిచేయండి, జవాబులు 8వ పాఠంలో:
వాళ్లు ఒకరితో ఒకరితో మాట్లాడారు.
రెండు పార్టీలు అన్యోన్యంగా విమర్శించుకున్నాయి.
అన్నదమ్ములు పరస్పర సహకరించుకున్నారు.